బైల్ డక్ట్ క్యాన్సర్ ఆపరేషన్‌కి వెళ్లేముందు చూసుకోవాల్సినవి

కళ్లు పచ్చబడితే మన గుంటూరు, బెజవాడ పల్లెల్లో ఇప్పటికీ ముందు పసరు మందు దగ్గరికే తీసుకెళ్లేవాళ్లున్నారు. వైరస్‌తో వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి, మంచి పేరు మాత్రం పసరుకి వస్తుంది. అదే రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద, మూత్రం డికాక్షన్ రంగు, మలం మాత్రం తెల్లగా పాలిపోయి వస్తుంటే లివర్ నుంచి పేగులోకి వెళ్లే బైల్ (పిత్తరసం) నాళంలో ఎక్కడో అడ్డం పడినట్టు. రాయి కావచ్చు, క్యాన్సర్ గడ్డ కావచ్చు. నొప్పి లేదు కదా అని వారాలు గడపకండి.

అన్నిటికంటే ముఖ్యం, స్కాన్ ముందు, స్టెంట్ (బైల్ పారేలా నాళంలో పెట్టే చిన్న గొట్టం) తర్వాత. కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 18 అని రిపోర్ట్ రాగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఎవరో ఒకరు "ముందు స్టెంట్ వేయించేయండి" అంటారు. కానీ స్టెంట్ పడ్డాక నాళం వాచి, గడ్డ ఎంతవరకు పాకిందో స్కాన్‌లో సరిగ్గా తేలదు. కాంట్రాస్ట్ సీటీ, ఎంఆర్‌సీపీ (బైల్ నాళాల ఎంఆర్‌ఐ స్కాన్) తీయించి, రిపోర్ట్ కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా పట్టుకెళ్లి ఆపరేషన్ చేసే సర్జన్‌కి చూపించండి, లివర్‌లో ఏ వైపు బైల్ బయటికి తీయాలో ఆయన్నే చెప్పనివ్వండి. చలి జ్వరం వచ్చిందంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, అది నాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఫలితాల సంగతి దాచి లాభం లేదు. చాలామందికి జబ్బు బయటపడేసరికే ఆపరేషన్ దశ దాటిపోయి ఉంటుంది. గడ్డ పూర్తిగా తీయగలిగినవాళ్లలో అయిదేళ్లు దాటేది సుమారుగా 100లో 20 నుంచి 40 మంది, అదీ కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగలకుండా, లింఫ్ గ్రంథులకు పాకకుండా ఉంటే మెరుగ్గా ఉంటుంది. గడ్డ నాళం కింది భాగంలో, ప్యాంక్రియాస్ వైపుంటే విపుల్ ఆపరేషన్, అంటే ప్యాంక్రియాస్ తల భాగం, దాన్ని ఆనుకున్న చిన్నపేగు కూడా తీసేసే పెద్ద ఆపరేషన్. లివర్ నుంచి రెండు నాళాలు వచ్చి కలిసేచోట ఉంటే దాదాపు సగం లివర్ కూడా తీయాల్సి వస్తుంది, ఇందులో ఆపరేషన్ తర్వాత ప్రాణం పోయేవాళ్లు చాలా చోట్ల 100లో 5 నుంచి 15 మంది దాకా ఉంటారు. అందుకే మంగళగిరి ఎయిమ్స్ అయినా, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) అయినా, ప్రైవేట్ అయినా "డాక్టర్ గారూ, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారండీ?" అని మొహమాటం లేకుండా అడగండి. పెద్ద డాక్టర్ ఏమనుకుంటారో అని నోరు మూసుకోవడం మనవాళ్లకి బాగా అలవాటు.

మిగిలే లివర్ చాలదనిపిస్తే తీసేసే వైపు రక్తనాళాన్ని ముందే మూసి, రెండో వైపు పెరగడానికి కొన్ని వారాలు ఆగుతారు. అది కాలయాపన కాదు, మధ్యలో ఆసుపత్రి మార్చేయకండి.

ఈలోగా బైల్ బయటికి తీయడానికి పక్కటెముకల దగ్గర పెట్టిన ట్యూబ్, సంచితో ఇంటికి పంపితే, అందులోనూ బెజవాడ ఎండల్లో, చాలా జాగ్రత్త. బైల్‌తో పాటు నీళ్లు, ఉప్పు కూడా పోతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. సంచి ఎప్పుడూ నడుము కిందే వేలాడాలి. రోజూ ఒకే టైముకి ఖాళీ చేసి ఎన్ని ఎంఎల్ వచ్చిందో, ఏ రంగులో ఉందో నోట్‌బుక్‌లో రాయండి. పడుకున్నప్పుడు ట్యూబ్ మడత పడిందేమో చూడండి. బైల్ ఒక్కసారిగా ఆగినా, రక్తం పడినా వెంటనే ఫోన్ చేయాలి. ఓఆర్ఎస్ ఎంత తాగాలో డిశ్చార్జ్ రోజే అడిగి పెట్టుకోండి.

కామెర్లని పప్పు, గుడ్డు, నూనె అన్నీ మానిపించి మజ్జిగన్నంతో సరిపెడితే మనిషి ఆపరేషన్‌కి తట్టుకోలేడు. డాక్టర్ వద్దంటే తప్ప గుడ్డు, చేప, పప్పు పెట్టండి. చుట్ట, బీడీ, మందు జబ్బు తెలిసిన రోజునుంచే బంద్. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, అసలే బైల్ అడ్డంతో విటమిన్ కె తగ్గి రక్తం త్వరగా గడ్డకట్టదు. సీఏ 19-9 అనే క్యాన్సర్ రక్తపరీక్షలో అంకె పెరిగిందని హడలిపోకండి, కామెర్ల వల్ల కూడా అది పెరుగుతుంది.

ఆపరేషన్ అయ్యాక వచ్చే బయాప్సీ రిపోర్ట్ తీసుకుని ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) దగ్గరికి వెళ్లండి, కుట్లు మానాయి కదా అని ఊరుకోవద్దు. చాలామందికి కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు ఆరు నెలలు ఇస్తారు.