ఏ వయసువాళ్లు రోజుకి ఎన్ని అడుగులు నడవాలి?

పోయిన వేసవిలో ఒక రాత్రి పదిన్నరకి డాబా మీద అడుగుల చప్పుడు వినపడితే ఎవరా అని పైకి వెళ్లాను. అమ్మ. వాటర్ ట్యాంకు దగ్గర్నుంచి పిట్టగోడ దాకా, అక్కణ్నుంచి మళ్లీ ట్యాంకు దాకా, హవాయి చెప్పులతో, చేతిలో ఫోను పట్టుకుని తిరుగుతోంది. "ఇంకా పన్నెండు వందలున్నాయిరా, అవగానే వచ్చేస్తా, నువ్వు పడుకో" అంది. తనకి అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. ఫోనులో పదివేలు కనపడకపోతే ఆ రోజు నడకంతా వృథా అయిపోయినట్టు టెన్షన్ పడేది. వారం తిరక్కుండానే కుడి మోకాలు వాచిపోయి మెట్లు దిగడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

అసలు ఈ పదివేలు ఏ డాక్టరూ లెక్కకట్టి చెప్పింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకి తగిలించుకుని అడుగులు లెక్కపెట్టుకునే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపోకే, అంటే పదివేల అడుగుల మీటరు. చెప్పుకోవడానికి బావుండే అంకె కాబట్టి అదే నిలిచిపోయింది, ఇప్పుడు మన ఫోన్లలో కూడా అదే కూర్చుంది.

మరి ఎంత నడవాలి? 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో పదిహేను అధ్యయనాలని కలిపి, దాదాపు 47 వేల మంది వివరాలతో ఒక పరిశోధన వచ్చింది. అడుగులు పెరిగేకొద్దీ చావు ముప్పు తగ్గుతూ వచ్చింది, కానీ ఒక దశ దాటాక ఆ తగ్గడం ఆగిపోయింది. అరవై దాటినవాళ్లకి ఆ దశ 6,000 నుంచి 8,000 మధ్య, అరవై లోపువాళ్లకి 8,000 నుంచి 10,000 మధ్య. డెబ్బై పైబడ్డ ఆడవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకొకటి కూడా చెప్పండి: 2019లో హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16 వేలకి పైగా మహిళల్ని గమనిస్తే, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ కనిపించాయి, 7,500 దగ్గరికి వచ్చేసరికి ఇక పెద్ద తేడా లేదు. 4,400 అంటే దాదాపు మూడు కిలోమీటర్లు, అదీ రోజంతా కలిపి.

కాబట్టి అంకె పెట్టుకునే ముందు ఒక వారం మామూలుగా ఉండండి, ఏమీ మార్చొద్దు, రోజూ పడుకునే ముందు ఫోనులో ఎన్ని అడుగులున్నాయో రాసిపెట్టుకోండి. ఫోను మీ ఒంటి మీద ఉంటేనే లెక్క వస్తుంది. మా అమ్మ పగలంతా ఫోను వంటింటి గట్టు మీద పెట్టేసి ఇల్లంతా తిరిగేది, ఆ అడుగులన్నీ లెక్కలోకి రాక, రాత్రి "ఇవాళ ఏమీ నడవలేదు" అని డాబా ఎక్కేది. చీర కట్టుకునేవాళ్లు నడుముకి చిన్న పర్సు కట్టుకుని అందులో ఫోను పెట్టుకుంటే సరిపోతుంది.

వారం సగటు 3,000 వచ్చిందనుకోండి, మర్నాడే 8,000కి ఎగబాకొద్దు. ఐదొందలో వెయ్యో కలపండి, రెండు వారాలు అక్కడే ఉండండి, కాళ్లు బాగానే ఉంటే ఇంకో వెయ్యి. కాస్త వేగంగా నడిస్తే నిమిషానికి వంద అడుగులు పడతాయి, అంటే వెయ్యి అడుగులకి పది నిమిషాలే. ఆ వేగం ఎలా తెలుస్తుందంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది కదా, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు ఇలా నడిస్తే అది తీరిపోతుంది.

ముప్పై, నలభైల్లో ఉండి ఆఫీసులో కూర్చునే పని చేసేవాళ్ల గురించి నాకు ఎక్కువ దిగులు. ఇంటి గుమ్మంలో బండెక్కి ఆఫీసు పార్కింగ్‌లో దిగి లిఫ్ట్‌లో పైకి పోతే రోజు మొత్తానికి మూడు వేలు కూడా దాటవు. వీళ్లకి ఎనిమిది వేలు పెట్టుకునే వయసుంది, కాళ్లలో సత్తా ఉంది. పొద్దున్నే కుదరకపోతే ఫోన్ కాల్స్ నడుస్తూ మాట్లాడండి, భోజనం అయ్యాక పది నిమిషాలు బయట తిరగండి. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి పోదు. మనవాళ్లలో షుగర్ ఎంతమందికి ఉందో మీకు చెప్పక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చెప్పుల్లేకుండా నడవొద్దు, ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి, స్పర్శ తగ్గితే పుండు పడినా తెలీదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి నడకలో షుగర్ పడిపోవచ్చు కాబట్టి జేబులో గ్లూకోజ్ బిళ్లలో, కాస్త చక్కెరో ఉంచుకోండి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కినా, దవడో ఎడమ చెయ్యో లాగినా అక్కడే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, "ఈ రౌండు పూర్తి చేసి" అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే, పొద్దున ఆరున్నర లోపే ముగించేయండి. అరవై ఐదు దాటినవాళ్లు అడుగులతో పాటు ఒంటికాలి మీద నిలబడటం లాంటివి గోడ పట్టుకుని వారానికి మూడు రోజులు చెయ్యాలి, ఆ వయసులో పడితే తుంటి విరగొచ్చు.

అమ్మకి వాపు తగ్గాక డాక్టరుని అడిగి 3,500తో మొదలుపెట్టించాం, ఫోనులో టార్గెట్ నేనే మార్చాను. ఇప్పుడు పొద్దున ఐదూ ముప్పావుకి బూట్లేసుకుని మా వీధిలో నాలుగు రౌండ్లు, రాత్రి తిన్నాక ఇంటి ముందే పది నిమిషాలు, ఇంటి పనితో కలిపి 6,000 దాకా వస్తోంది. తొమ్మిదిన్నరకల్లా ఫోను ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటోంది.