కాంక్రీటు గచ్చుకు చెక్క పలకలు: మేకులా, స్క్రూలా?

పర్లాకిమిడిలోని మా ఇంటి ముందుగదిలో కాంక్రీటు గచ్చుపై టేకు పలకలు వేయించదలచినప్పుడు, వాటి కింద ఆధారంగా వేసే సన్నని చెక్క బద్దలను, అంటే రీపర్లను, దేనితో బిగించాలన్నదే ఎక్కువగా ఆలోచించవలసి వచ్చింది. కాంక్రీటు మేకు త్వరగా దిగుతుంది గాని, దెబ్బలకు దాని చుట్టూ కాంక్రీటు పొడిపొడిగా రాలుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోయే మా ప్రాంతంలో ఆ పట్టు క్రమంగా సడలి, అడుగు పడినప్పుడల్లా నేల కిర్రుమంటుంది. రంధ్రంలో విచ్చుకుని బిగిసే యాంకర్ బోల్టు బలమైనదే, కాని అలా విచ్చుకునేటప్పుడు గచ్చు అంచులను పగలగొట్టగలదు. పైగా ఈ పనికి అంత బలం అక్కరలేదు.

అందుకే 8 మి.మీ. నైలాన్ ప్లగ్గులు (రంధ్రంలో దూర్చి, లోపల స్క్రూ బిగించే గొట్టాలు), 75 మి.మీ. స్క్రూలు ఎంచుకున్నాను. రీపరు మందం 25 మి.మీ. పోగా మిగిలిన 50 మి.మీ. కాంక్రీటులోకి దిగుతుంది, రంధ్రం మాత్రం మరో 10 మి.మీ. లోతుగా ఉండాలి. డ్రిల్లు తీయగానే రంధ్రంలో మిగిలే బూడిదరంగు పొడిని సైకిలు పంపుతో ఊదకపోతే ప్లగ్గు సగంలోనే ఆగిపోతుందని మా వడ్రంగి మొదటి రంధ్రం దగ్గరే చూపించారు. చివరి చుట్లలో స్క్రూ బరువుగా తిరగాలి. తేలికగా తిరుగుతూనే ఉంటే పట్టు లేనట్టే, కాస్త పక్కన కొత్త రంధ్రం వేయాలి.

వీటన్నిటికంటే ముందు ప్లాస్టిక్ షీటును గచ్చుపై పరచి, అంచులకు టేపు అంటించి, ఒక రోజంతా ఉంచి చూశాము. దాని అడుగున చెమ్మ పట్టే నేలలో ఎంత మంచి స్క్రూ అయినా చెక్కను కాపాడలేదు.