మంత్రాలయం ఇసుకలో ఉంగరం వెతికే ముందు జాగ్రత్తలు

శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు జనం పోటెత్తుతారు. తుంగభద్ర స్నానాల్లో ఉంగరాలు జారిపోతుంటాయి. వాటిని వెతకడానికి మెటల్ డిటెక్టర్‌తో (లోహం తగిలితే మోగే పరికరం) దిగే ముందు ఇవి చూసుకోండి.

• ఎగువన తుంగభద్రపై ఉన్న హోసపేట డ్యామ్ గేట్లు ఎత్తారేమో కనుక్కోండి. ఇక్కడ చినుకు పడకపోయినా నీళ్లు పెరుగుతాయి. అనుమానముంటే దిగొద్దు, ఉంగరం మళ్లీ చేయించుకోవచ్చు.

• రేకు ముక్కలను వదిలేసే సెట్టింగ్ తీసేయండి. సన్నటి బంగారు ఉంగరం, మాత్రల షీటు రేకు దాదాపు ఒకేలా మోగుతాయి. రేకు వద్దనుకుంటే ఉంగరమూ తప్పిపోతుంది. భక్తులు వేసిన రూపాయి బిళ్లలూ మోగుతాయి, ఓపిక పట్టాలి.

• ఇనుప పారను డిటెక్టర్ కింది గుండ్రటి కాయిల్‌కు దూరంగా ఉంచండి, లేకపోతే అదీ మోగుతుంది.

• పాత నాణేలు, పాతిపెట్టిన సొత్తు దొరికితే దాచుకోవద్దు. 1878 నాటి చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి.

• తవ్విన గుంత వెంటనే పూడ్చండి, పిల్లలు పరిగెత్తే చోటది.