గంజాయి మానేశాక మొదటి నెల గడపడం ఎలా?

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే రసాయనం మెదడులోని సీబీ1 గ్రాహకాల (రసాయన సంకేతాలను అందుకునే కణభాగాల) మీద పనిచేస్తుంది. రోజూ తాగేవాళ్లలో ఇవి తగ్గిపోతాయి. అందుకే మానగానే చిరాకు, నిద్రలేమి, తిండి సయించకపోవడం. 1–2 రోజుల్లో మొదలై మొదటి వారంలోనే బాగా వేధిస్తాయి. చాలామంది మళ్లీ ముట్టుకునేది అప్పుడే. గ్రాహకాలు కోలుకోవడానికి సుమారు 4 వారాలు పడుతుంది.

మానే ముందురోజే పొట్లం, పేపర్లు పారేయండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ వద్దు. రాత్రి పీడకలలు రావచ్చు, కంగారుపడకండి: ఇన్నాళ్లూ అణిగిన కలల నిద్ర తిరిగొస్తోంది. నిద్రకోసం మద్యం మాత్రం అస్సలు మొదలుపెట్టొద్దు. సిగరెట్ పొగాకులో కలిపి తాగేవాళ్లకు నికోటిన్ లోటు కూడా తోడవుతుంది, దానికీ డాక్టర్ సలహా తీసుకోండి.

లేని మాటలు వినిపిస్తున్నా, అందరిమీదా అనుమానం కలుగుతున్నా ఆగకండి. అదే రోజు మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.