పాత మరబోటుకు కొత్త డెక్కు – మూడో పాఠం: పైన ఏం పరచాలి?

మొదటి పాఠంలో చివికిన డెక్కును, అంటే బోటు పైన మనం నడిచే నేలను, గుర్తించడం, రెండో పాఠంలో దాన్ని కింద మోసే అడ్డ దూలాలు, అంటే బీములు, దెబ్బతినకుండా పాత పలకలు ఊడదీయడం నేర్చుకున్నాం. కాబట్టి ఈపాటికి మీ బోటు వెనుక భాగంలో బీములు బయటపడి, వాటి సందుల్లోంచి ఐసు గది కనిపిస్తూ ఉండాలి. సరిగ్గా ఈ దశలోనే చాలామంది యజమానులు దుకాణానికి పరుగెత్తి "మంచి ప్లైవుడ్ ఇవ్వండి" అంటారు. దుకాణంలో ఏది నిల్వ ఉంటే అదే మంచిదవుతుంది. ఒక వారం ఆగండి. డబ్బు తీసేముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి.

మనం మాట్లాడుతున్నది విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో కనిపించే చెక్క ట్రాలర్, అంటే వలను వెనుక ఈడ్చుకుపోయే మరబోటు, గురించి అని మరోసారి గుర్తుచేస్తున్నాను. ఫైబర్ తెప్పలకు లెక్క వేరు. వాటి సంగతి ఈ పాఠాల్లో రాదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరమ్మతులన్నీ ఆ రోజుల్లోనే జరగాలి కాబట్టి వడ్రంగులు దొరకరు, కూలి పెరుగుతుంది. అయినా తొందరపడి తడి బీముల మీద కొత్త పలక బిగించకండి. చెక్కలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే కుళ్లు పట్టదు. ఫైబర్ పొర (గాజు నారను రెజిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించే పొర) వేయాలంటే అది 15 శాతానికి దిగాలి. మే నెల ఎండలు మనకు ఉచితంగా దొరికే ఆరబెట్టే యంత్రం. పగలు తెరిచి ఉంచి, రాత్రి మంచు పడకుండా టార్పాలిన్ కప్పండి. తేమ కొలిచే చిన్న మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

ఇక అసలు ప్రశ్న. పాత డెక్కు ఎందుకు పోయింది? ఉప్పు నీరు తినేసిందనేది రేవులో అందరూ చెప్పే మాట. ఉప్పు నీరు ఇనుప మేకులను తింటుంది, నిజమే. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రానికి మాత్రం ఉప్పు అంతగా పడదు. దానికి కావలసింది మంచినీరు. అంటే వాన నీరు, కరిగిన ఐసు నీరు. మీరు ఊడదీసిన పలకలను తిరగేసి చూడండి. ఐసు గది మూత చుట్టూ, పక్క గోడకు డెక్కు ఆనే మూలల్లో, నీరు బయటకు పోయే కన్నాల దగ్గర చెక్క నల్లబడి, గోటితో గిల్లితే ఊడివస్తుంది. వల లాగే చోట రోజంతా ఉప్పు నీటిలో నానిన పలక అరిగి ఉంటుంది కానీ గట్టిగానే ఉంటుంది. కొత్తగా ఏది పరచినా అది ఎన్నాళ్లు నిలుస్తుందో నిర్ణయించేది ఈ మూలలే. నడుమ భాగం దేనితో వేసినా కొన్నేళ్లు నిలుస్తుంది.

పాత డెక్కు ఊడదీయకుండానే దానిమీద ఇంకో పొర వేసేద్దామనే సలహా మీకు తప్పక వస్తుంది. వినకండి. రెండు పొరల నడుమ చేరిన నీటికి బయటపడే దారి ఉండదు. పైగా బరువు. వెనుక డెక్కు 20 చదరపు మీటర్లు అనుకుందాం. 32 ఎంఎం మద్ది పలకలు చదరపు మీటరుకు సుమారు 25 కిలోలు, అంటే మొత్తం 500 కిలోలు. నీరు తాగితే ఇంకా ఎక్కువ. దానిమీద 19 ఎంఎం ప్లై, మూడు పొరల ఫైబర్ కలిపితే మరో 350 కిలోలు. ఇదంతా నీటి మట్టానికి పైన పెరిగే బరువు. గదిలో ఐసు అడుగంటి, డీజిలు అయిపోవచ్చి, వల నిండా చేపలు పైకి వచ్చిన వేళ బోటు పక్కకు వాలితే మళ్లీ లేవడానికి ఎంత బద్ధకిస్తుందో బోటు నడిపే సరంగును అడగండి.

ఇప్పుడు సరుకులు చూద్దాం.

చెక్క పలకలు. టేకు, మద్ది. ఇప్పటికీ చెడ్డ ఎంపిక కాదు. పాడైన ఒక్క పలకను ఊడదీసి మరొకటి వేసుకోవచ్చు. వట్టి కాళ్లకు చల్లగా ఉంటుంది. చిక్కు సందుల దగ్గర వస్తుంది. నిషేధ కాలంలో రెండు నెలలు ఎండకు పలకలు కుంచించుకుంటాయి, జూన్‌లో నీరు తగలగానే ఉబ్బుతాయి. సందుల్లో కూరిన నూలును ఏటా చూసుకునే ఓపిక ఉన్నవారు పలకలే వేసుకోండి. ఒక్కటి మాత్రం చేయకండి. పలకల మీద ఫైబర్ పొర వేయకండి. కింద ప్రతి పలకా వేరువేరుగా కదులుతుంటే పైన అతుకు లేని పొర ఎంతకాలం ఆగుతుంది? మొదటి ఏడాదిలోనే సందుల వెంట గీతలు పడతాయి, ఆ గీతల్లోంచి నీరు దిగుతుంది.

చెకర్డ్ ఇనుప రేకు, అంటే జారకుండా పైన గీతలు ఉబ్బెత్తుగా ఉండే రేకు. బరువులు ఎత్తిపడేసే చోట, అంటే ట్రాల్ బోర్డులు (వల నోరు తెరిచి ఉంచే బరువైన పలకలు) పడే వెనుక అంచున, ఒక ముక్క వేయడంలో అర్థముంది. డెక్కంతా వేస్తే 5 ఎంఎం రేకే చదరపు మీటరుకు 40 కిలోలు, మొత్తం 800 కిలోలు. రేకు కింద చెక్క ఎప్పటికీ ఆరదు.

అల్యూమినియం రేకు. తేలిక, తుప్పు తక్కువ. 5052, 5083 రకాలు సముద్రానికి సరిపోతాయి. మామూలు రేకు కొనకండి. రాగి లవణాల మందు పట్టించిన చెక్కకు గానీ, ఇనుప మేకులకు గానీ నేరుగా తగిలితే ఉప్పు నీటిలో అల్యూమినియమే ముందు కరిగిపోతుంది. నడుమ అడ్డుపొర ఉండాలి. ఇక మధ్యాహ్నపు ఎండలో దానిమీద చెప్పులు లేకుండా కూర్చుని చేపలు ఏరే కలాసీల బాధ చెప్పనక్కర్లేదు. నాకు ఈ పనికి నచ్చని సరుకు ఇది.

ప్లైవుడ్ మీద ఫైబర్. ఎక్కువ బోట్లకు నేను చెప్పేది ఇదే. ప్లై ఎండకూ తడికీ పలకలంత కదలదు, అందుకే పైపొర పగలదు. కానీ అందరూ మోసపోయేదీ ఇక్కడే. మీకు కావలసింది ఐఎస్ (భారతీయ ప్రమాణం) 710 మార్కు ఉన్న మెరైన్ ప్లైవుడ్. ఐఎస్ 303 అంటే ఇంటి సామానుకు వాడే సాధారణ రకం, అంగట్లో దానికీ "వాటర్‌ప్రూఫ్" అనే పేరే చెబుతారు. పలక మీద ఐఎస్ఐ ముద్ర, దాని పైన 710 అంకె, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోనులో ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో తెలుస్తుంది. దుకాణంలోనే, డబ్బు ఇవ్వకముందే చూడండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

డెక్కు నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటుంది కదా. 19 ఎంఎం పలకను ఆ వంపుకు లొంగదీయాలంటే మేకులు లేచివస్తాయి. వంపు ఎక్కువగా ఉంటే 9 ఎంఎం పలకలు రెండు పొరలుగా, పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా, జిగురు పట్టించి వేయండి. వంపు తీసేసి చదునుగా చేద్దామని వడ్రంగి అంటే ఒప్పుకోకండి. ఆ వంపే నీటిని కన్నాల దాకా తోస్తుంది.

రెజిన్ విషయంలో పాలిస్టర్ చవక, చెక్కకు పట్టు తక్కువ. ఎపాక్సీ ఖరీదు, పట్టు ఎక్కువ. ఎపాక్సీ ఎంచుకుంటే మామూలు తరిగిన నారల మ్యాట్ కాకుండా నేసిన ఫైబర్ గుడ్డ కొనండి. మ్యాట్‌లో నారలను పట్టి ఉంచే బంధకం పాలిస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయితే మేలు.

ఆఖరి పొర గరుకు. జారకుండా రెజిన్ మీద ఇసుక చల్లుతారు. ముతక ఇసుక చల్లితే కాలు జారదు గానీ వల దారాలు అరుగుతాయి, కూర్చుని ఏరేవారి మోకాళ్లు చెక్కుకుపోతాయి, గరుకులో ఇరుక్కున్న చేప జిగురు కడిగినా పోదు. వల తాళ్లు చుట్టే వించి దగ్గర, నడిచే దారిలో ముతకది, చేపలు పోసే చోట జల్లించిన సన్నది వేయండి. అమెరికా సరస్సుల్లో సరదాగా గాలం వేసే బోట్లలో కార్పెట్ పరుస్తారు, ఆ వీడియోలు మీకూ కనిపిస్తాయి. రొయ్యలు, సావిళ్లు పోసే డెక్కు మీద కార్పెట్ వాసన మూడో రోజుకే బోటు దిగేలా చేస్తుంది.

ఈ వారం అభ్యాసం. దుకాణం నుంచి అరచేయంత నమూనా ముక్క అడిగి తెచ్చి, ఒక పూటంతా నీటిలో మరిగించండి. ప్రమాణం ప్రకారం చేసే పరీక్ష 72 గంటలు, అయినా నాసిరకం సరుకు మీ వంటింట్లోనే పొరలు విప్పుకుంటుంది. పొరలు విడితే ఆ దుకాణం వదిలేయండి.

తర్వాత ఒక కాగితం మీద బీములన్నీ గీసి, ఒకదాని నడుమ నుంచి ఇంకోదాని నడుమకు దూరం రాయండి. ప్లై పలక 8 అడుగులు, అంటే 244 సెంటీమీటర్లు. మీ బీములు 50 సెంటీమీటర్లకు ఒకటి ఉన్నాయనుకోండి. నాలుగు ఖాళీలకు 200 అవుతుంది, 44 మిగులుతుంది. ఆ 44 వృథా అవుతుందని పలకను అలాగే ముందుకు సాగనిచ్చి, గాలిలో అతుకు పెట్టేవారే ఎక్కువ. ఆ అతుకు మీద మనిషి నడిచిన ప్రతిసారీ ఫైబర్ పొర వంగుతుంది, కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. కోసేయండి, ఆ ముక్కలు ఐసు గది మూతలకు పనికొస్తాయి. ప్రతి అతుకూ బీము నడుమే పడేలా గీసి, ఎన్ని పలకలు కావాలో లెక్కగట్టి, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి. నాలుగో పాఠంలో ఆ గీత ప్రకారమే కోత మొదలుపెడతాం.