మేకకు ముక్కు కారింది, తర్వాత పారుకుంది: తేడా ఎక్కడ కొట్టింది?

బెంగళూరు పక్కన హొసకోటె దాటాక మా మేకల షెడ్డు. పోయినేడు వారపు సంతలో రెండు మేకపిల్లలు కొని, ఆ సాయంత్రమే మందలో కలిపేశాను. టీకా వేయించానని అమ్మినాయన చెప్తే నమ్మాను. ఐదో రోజుకి ఒక పిల్ల మేత ముట్టలేదు, ముక్కు నీళ్లలా కారింది. జలుబనుకున్నాను. ఇంకో రెండు రోజులకి పారుకోవడం మొదలైంది. పక్క తోట తాత "కడుపులో పురుగులురా, మందు పొయ్యి" అన్నాడు, పోశాను. వారంలో మూడు పోయాయి. అది పారుడు రోగం, డాక్టర్లు పీపీఆర్ అంటారు.

ముందు ఏం చూడాలి

పేడ కాదు, మూతి చూడండి. పై పెదవి ఎత్తితే చిగుళ్ల మీద తవుడు అద్దినట్టు తెల్లగా ఉంటుంది, నోరు కంపు కొడుతుంది. ముక్కు కారేది చిక్కబడి పుటాలు మూసుకుపోతాయి, కళ్లు పుసులతో అంటుకుంటాయి. జ్వరం 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోతుంది. పారుడు, దగ్గు ఆ తర్వాతే. చూడి మేకలు ఈసుకుపోతాయి కూడా, అంటే కడుపు పోతుంది.

కుంటుతూ గిట్టల దగ్గర పుండ్లు ఉంటే గాలికుంటు అనుకోవాలి. వానల తర్వాత గొర్రెలకి మూతి వాచి, నడవలేకపోతే నీలినాలుక కావచ్చు, అది చిన్న దోమల్లాంటి ఈగలతో వస్తుంది. జ్వరం లేకుండా పెదవుల మీద పక్కులు మాత్రమే కడితే మూతి పుండ్లు. రాత్రి బాగా మేసింది తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే చిటుక రోగం. అనుమానం తీరాలంటే ముక్కు, కంటి స్రావాలు ఐసులో పెట్టి ల్యాబుకి పంపాల్సిందే.

ఎందుకొచ్చింది

మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్‌కి ఇది చుట్టం. మనకు మాత్రం అంటదు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూరులో. దగ్గు తుంపరలతో, పేడతో, ఒకే తొట్టిలో నీళ్లు తాగడంతో పాకుతుంది. తల్లిపాల రక్షణ తగ్గిపోయే నాలుగు నెలల వయసు పిల్లలు ముందు పడతాయి. గొర్రెల కంటే మేకలకే తీవ్రంగా వస్తుంది.

బెంగళూరు చుట్టుపక్కల అసలు చిక్కు రాకపోకలతోనే. బక్రీదు ముందు చామరాజపేట మైదానం దగ్గరికి ఎక్కడెక్కడి పొట్టేళ్లో వస్తాయి. అమ్ముడుపోనిదాన్ని ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చి మళ్లీ మందలో వదులుతారే, నాకు అన్నిటికన్నా టెన్షన్ దానితోనే.

వచ్చాక

జబ్బుపడ్డవాటిని వెంటనే వేరుచేసి పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. వైరస్‌ని చంపే మందు లేదు. డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ ఈ జబ్బుకి తోడుగా వచ్చి చేరే నిమ్ము (న్యుమోనియా) కోసం, సెలైన్ ఒంట్లో నీరు పోకుండా. మన పని ఇంకోటి: లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో నోరు కడగడం, పల్చటి రాగి అంబలి కొంచెం కొంచెంగా పట్టడం. తల పైకెత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేనూ ఒకదానికి అలాగే చేటు చేశాను. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. జబ్బుదాన్ని కసాయికి అమ్మేయడమంటే ఇంకో మందకి అంటించడమే.

టీకా వేసినా వచ్చిందా?

టీకా మంచిదే: చర్మం కింద 1 మి.లీ., మూడేళ్లు కాస్తుంది. పని చేయకపోతే మూడు సంగతులు అడగండి. సీసా ఐసులో వచ్చిందా, బైకు డిక్కీలో వచ్చిందా? కలిపిన మందు గంటల తరబడి ఎండలో ఉందా? పిల్ల మరీ చిన్నదా? మూడు నెలలు నిండకముందు వేస్తే తల్లినుంచి వచ్చిన రక్షణే టీకాని పనిచేయనివ్వదు. ఒంట్లో అప్పటికే వైరస్ చేరి ఉన్నా టీకా కాపాడలేదు.

ఇప్పుడు కొత్తగా కొన్నవి 21 రోజులు మందలోకి రావు, వెనక రేకుల గదిలో ఉంటాయి. వాటి బకెట్టుకి ఎర్ర పెయింటు వేశాను. వాటి పని అన్నిటికన్నా ఆఖర్న చేస్తాం, తర్వాత చెప్పులు కడిగేస్తాం.