నీళ్లు, నెత్తురు, లెక్క – 4వ పాఠం: టైటర్ చదవడం

పోయిన పాఠంలో నెత్తురు నుంచి సీరం (నెత్తురు గడ్డకట్టాక మిగిలే పలచని ద్రవం) వేరుచేసి దాచడం దాకా వచ్చాం. ఇవాళ ఆ సీరం చెప్పే అంకెను చదువుదాం.

లెజియోనెల్లా అంటే నీళ్లలో పెరిగి, న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా. దాని మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీల కోసం సీరాన్ని ప్రతిసారీ రెండింతలు పలచన చేస్తూ పోతారు: 1:16 (మొత్తం 16 వంతుల్లో ఒక వంతు సీరం), 1:32, 1:64, 1:128, 1:256. చంపిన బ్యాక్టీరియా అద్దిన స్లైడు మీద ఒక్కో పలచననీ వేసి, కడిగి, మెరిసే రంగు తగిలించిన ఇంకో యాంటీబాడీ పోస్తారు. మైక్రోస్కోపులో సన్నటి కడ్డీల అంచులు లేత పచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు కనబడిన ఆఖరి పలచనే టైటర్. చీకటి గదిలో ‘మెరిసింది’, ‘లేదు’ అని ఇద్దరు వాదించుకోవడం మామూలే. అందుకే స్లైడు ఎవరిదో తెలియకుండా విడివిడిగా చదవాలి.

ఇక లెక్క. తిరుపతిలో జబ్బేమీ లేని 200 మంది రక్తదాతల సీరం ఉందనుకుందాం. అంకెలు అభ్యాసం కోసం నేను వేసినవే. 130 మందికి ఏ పలచనలోనూ మెరవలేదు. 1:16 దగ్గర ఆగినవాళ్లు 30, 1:32 దగ్గర 20, 1:64 దగ్గర 12, 1:128 దగ్గర 6, 1:256 దగ్గర 2.

1:16 నుంచి పాజిటివ్ అంటే 35 శాతం. 1:64 నుంచి అంటే 10. 1:256 అంటే 1. ఊరు అదే, నెత్తురు అదే! ‘నగరవాసుల్లో ఇంత శాతానికి యాంటీబాడీలు’ అని ఎక్కడ చదివినా ముందు కటాఫ్, అంటే ఏ పలచన నుంచి పాజిటివ్ అన్నారో, వెతకండి. అది చెప్పని శాతాన్ని నేనైతే పక్కన పడేస్తాను.

పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ న్యుమోనియా వచ్చిపోయిందని కాదు. ఈ బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల నీళ్లలో పెరుగుతుంది. మన ఎండలకు మేడ మీది ట్యాంకు నీళ్లు ఎంత కాగుతాయో చెప్పక్కర్లేదు. లాడ్జి షవరు తుంపరలో కాస్త పీల్చి, ఏ జ్వరమూ రానివాళ్లకూ యాంటీబాడీలు తయారుకావచ్చు. సూడోమోనాస్ లాంటి వేరే క్రిమి మీద పుట్టినవీ ఈ స్లైడు మీద అతుక్కోవచ్చు.

రోగి విషయంలో ఒక్క అంకె చాలదు. 1976లో ఫిలడెల్ఫియా హోటల్‌లో మొదలైన జబ్బుకు కారణం ఈ క్రిమేనని తేల్చినప్పుడు, రోగుల సీరంలో టైటర్ పెరగడమే పెద్ద సాక్ష్యమైంది. జబ్బు పడ్డ మొదటి రోజుల్లో ఒక శాంపిల్, మూడు నాలుగు వారాలకు ఇంకోటి. ఇది ఇప్పటి జబ్బే అనాలంటే ఈ రెండింటి మధ్య టైటర్ నాలుగింతలై, కనీసం 1:128 చేరాలి.

అభ్యాసం: ‘అ’కు 1:32 నుంచి 1:128. ‘ఆ’కు రెండుసార్లూ 1:256. ‘ఇ’కి 1:16 నుంచి 1:64. ఎవరిది ఇప్పటి జబ్బు? కారణం రాసిపెట్టుకోండి, 5వ పాఠం అక్కడినుంచే.